బరువు, తిండి, ధమనుల పూడిక: జంతువుల మీద చేసిన ప్రయోగాలను మనం ఎంతవరకు నమ్మవచ్చు?

పటమట శ్రీను

అందరికీ నమస్కారం. మా ఇంట్లో పెద్ద చర్చగా మారిన ఒక విషయం మీద తెలిసినవారు వివరంగా చెబుతారని ఇక్కడ రాస్తున్నాను.

మా బావగారు సన్నటి మనిషి. పొట్ట లేదు, పొగ తాగరు, ఇంకా యాభై నిండలేదు. ఛాతీ పట్టేసినట్టుంది అంటే ఆసుపత్రికి తీసుకెళ్లాం. యాంజియోగ్రామ్‌లో బ్లాకులు బయటపడి స్టెంటు వేశారు. వాళ్ల అన్నయ్య నూరు కిలోలకు పైనే ఉంటారు. ఆయనకు అదే పరీక్ష చేస్తే నాళాలు శుభ్రంగా ఉన్నాయన్నారు. అప్పటి నుంచి బంధువులంతా బరువుకూ గుండెకూ ఏ సంబంధమూ లేదని తీర్మానించేశారు. దానికి తోడు ఒక వీడియో ఫోన్లలో తిరుగుతోంది. "కొలెస్ట్రాల్ గొడవంతా కుందేళ్లతో మొదలైంది, గడ్డి తినే జంతువుకు గుడ్లు పెట్టి మనిషిని భయపెట్టారు" అని అందులో చెబుతున్నారు.

ఆ కుందేళ్ల ప్రయోగంలో అసలు ఏం చేశారు? బరువు ప్రభావాన్నీ తిండి ప్రభావాన్నీ విడదీసి జంతువుల్లో ఎవరైనా చూశారా? చూసి ఉంటే అందులోంచి మనుషులు ఎంతవరకు తీసుకోవచ్చు? దయచేసి మరో వీడియో పంపకండి. చదివినవారు, స్వయంగా చేసినవారు చెబితే మేలు.

మందుల మాస్టారు (గుంటూరు)

శ్రీనుగారూ, నేను ఫార్మకాలజీ పాఠాలు చెప్పేవాణ్ణి. ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది, కాస్త పొడుగ్గానే రాస్తాను.

కుందేళ్ల కథ రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదలైంది. 1908లో ఇగ్నతోవ్‌స్కీ అనే వైద్యుడు కుందేళ్లకు మాంసం, పాలు, గుడ్లు పెట్టాడు. వాటి బృహద్ధమని (గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని) గోడలు దెబ్బతిన్నాయి. తప్పంతా మాంసకృత్తులదే అనుకున్నాడు. 1913లో నికొలాయ్ అనిచ్‌కోవ్, సెమ్యోన్ ఖలాతోవ్ మరో అడుగు ముందుకు వేశారు. శుద్ధి చేసిన కొలెస్ట్రాల్‌ను పొద్దుతిరుగుడు నూనెలో కరిగించి కొన్ని కుందేళ్లకు, ఒట్టి నూనె మరికొన్నింటికి ఇచ్చారు. ఒట్టి నూనె తాగినవాటికి ఏమీ కాలేదు. కొలెస్ట్రాల్ తిన్నవాటి ధమనుల్లో కొవ్వు మచ్చలు లేచాయి. కాబట్టి గుడ్లు పెట్టి భయపెట్టారన్న మాట ఆ ప్రయోగానికి అన్యాయం చేస్తుంది. అంతవరకు కలగాపులగంగా ఉన్న తిండిలోంచి ఒక్క పదార్థాన్ని వేరు చేసి చూపించారు వాళ్లు.

కుందేలు శాకాహారి అన్న అభ్యంతరం మాత్రం నిజమైనదే. తిండిలో వచ్చిన కొలెస్ట్రాల్‌ను వదిలించుకునే శక్తి దానికి తక్కువ. రక్తంలో కొలెస్ట్రాల్ డెసిలీటరుకు వెయ్యి మిల్లీగ్రాములు దాటిపోతుంది. ఎలుక అలా కాదు, దాని కాలేయం ఎక్కువైన కొలెస్ట్రాల్‌ను పిత్త ఆమ్లాలుగా మార్చి బయటికి పంపేస్తుంది. ఎలుకలతో, కుక్కలతో ప్రయత్నించినవారికి పూడిక కనిపించకపోవడంతో ఇది కుందేళ్లకు మాత్రమే వచ్చే తేడా అని చాలామంది చాలా ఏళ్లు పక్కన పెట్టారు.

ఆ అభ్యంతరానికి జవాబు ఇచ్చింది మరో కుందేలే. 1973లో జపాన్‌లోని కోబెలో యోషియో వతనబే అనే పశువైద్య శాస్త్రవేత్తకు, మామూలు మేత తింటూనే రక్తంలో కొలెస్ట్రాల్ విపరీతంగా ఉన్న ఒక కుందేలు కనిపించింది. దాని సంతతిని పెంచి ఒక వంశాన్నే తయారు చేశాడు. ఆ కుందేళ్లు గుడ్డు ముట్టలేదు, మాంసం ముట్టలేదు. అయినా వాటి ధమనులు పూడుకుపోయాయి. ఎందుకంటే రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్ అంటారే, అది) కణాలను కాలేయంలోకి లాగే గ్రాహకం వాటిలో పుట్టుకతోనే పనిచేయదు. బ్యారేజీ గేట్లు మూస్తే ఎగువన నీళ్లు నిలిచినట్టు ఎల్‌డీఎల్ రక్తంలోనే నిలిచిపోతుంది. ఇదే లోపం కొన్ని కుటుంబాల మనుషుల్లోనూ ఉంటుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ రెండు రకాల కుందేళ్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానికి కొలెస్ట్రాల్ తిండిలోంచి వచ్చింది, రెండోదానికి వంశంలోంచి వచ్చింది. ధమని గోడకు ఆ తేడాతో పని లేదు. రక్తంలో ఎంత ఉంది, ఎన్నాళ్లు ఉంది అన్నదే దానికి లెక్క.

బరువు సంగతి వేరే రాయాలి, రాత్రికి రాస్తాను.

కృష్ణలంక వాసి

మాస్టారుగారూ, వివరణ బాగుంది కానీ మోతాదు సంగతి మీరు దాటేశారు. మూడు కిలోల కుందేలు రోజుకు సుమారు వంద గ్రాముల మేత తింటుందనుకుందాం. అందులో ఒక శాతం కొలెస్ట్రాల్ కలిపితే రోజుకు ఒక గ్రాము. అరవై కిలోల మనిషి ఇరవై కుందేళ్ల బరువు, అంటే ఇరవై గ్రాములు. ఒక్కో గుడ్డులో సుమారు 200 మిల్లీగ్రాములు అనుకుంటే రోజుకు నూరు గుడ్లు! ఏ మనిషి తింటాడు? ఎవరూ తినని తిండి పెట్టి, వచ్చిన జబ్బును చూసి, ఆ మూగజీవాలను చంపి, మనకు నీతులు చెప్పడం నాకు మనసుకు ఎక్కడం లేదు.

మందుల మాస్టారు (గుంటూరు)

కృష్ణలంక వాసిగారూ, మీ లెక్క సరైనదే. అందుకే రోజుకు ఎన్ని గుడ్లు తినాలో కుందేలును అడగకూడదు. మన ఒంట్లో కొలెస్ట్రాల్ ఎక్కువ భాగం మన కాలేయమే తయారు చేసుకుంటుంది. తిండిలో పెరిగితే చాలామందిలో ఆ తయారీ కొంత తగ్గుతుంది, కొందరిలో తగ్గదు. కుందేలుకు ఆ సర్దుబాటు చేతకాదు.

అంత మోతాదు ఎందుకంటే, మనిషిలో దశాబ్దాలు పట్టే పూడికను రెండు మూడు నెలల్లో చూడాలి. మనిషి ధమనిని వారం వారం కోసి చూడలేం కదా. మచ్చ ఎలా మొదలవుతుంది, తెల్ల రక్తకణాలు గోడలోకి దూరి కొవ్వు మింగి నురగ కణాలుగా ఎలా ఉబ్బుతాయి, ఆ తర్వాత గట్టి పొర ఎలా కడుతుంది, ఇవన్నీ మనకు తెలిసింది ఆ జంతువుల వల్లే. మీ బాధ మాత్రం నాకు అర్థమవుతుంది. ప్రతి సంస్థలో జంతు నైతికతా సంఘం ఉండాలి, ఎన్ని జంతువులు, ఎందుకు, నొప్పి ఎలా తగ్గిస్తారు అన్నది ముందే రాసి అనుమతి తీసుకోవాలి. మీలా అడిగేవారు ఉండబట్టే ఆ నియమాలు వచ్చాయి.

లక్ష్మీపురం ఎం.ఫార్మసీ

సర్, నమస్తే. నేను గుంటూరులోనే ఎం.ఫార్మసీ చదువుతున్నాను. మా ప్రాజెక్టు విస్టార్ అనే ప్రయోగశాల జాతి ఎలుకల మీద. కొవ్వు మేత అంటే మా దగ్గర వనస్పతి, కొబ్బరి నూనె మూడుకు ఒకటి పాళ్లలో కలిపి గొట్టంతో నేరుగా కడుపులోకి ఇవ్వడం. చలికాలం పొద్దున్నే వనస్పతి గడ్డకట్టి ఉంటుంది. వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి, మళ్లీ పేరుకోకముందే సిరంజిలోకి తీసుకోవాలి. ఎలుక కంగారు పడితే గొట్టం ఊపిరితిత్తుల దారిలోకి వెళుతుందని మొదట్లో చేతులు వణికేవి.

నెలలు గడిచాక రక్తంలో కొలెస్ట్రాల్ పెరిగింది, బరువూ పెరిగింది. బృహద్ధమనిని తీసి, చుట్టూ అంటుకున్న కొవ్వును సన్నటి కత్తెరతో ఒలిచి, నిలువునా చీల్చి, మైనం పలక మీద గుండుసూదులతో పరిచి, సూడాన్ రంగులో ముంచాం. కొవ్వు పట్టిన చోట ఎర్రగా రావాలి. లోపలి గోడ అంతా తెల్లగా, నున్నగానే ఉంది. మా తోటివాళ్లు ప్రయోగం చెడిపోయిందని దిగులు పడ్డారు. చెడిపోయినట్టేనా సర్?

మందుల మాస్టారు (గుంటూరు)

లేదమ్మా, ఎలుక తన స్వభావం ప్రకారమే నడుచుకుంది. దాని రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసేది ఎక్కువగా హెచ్‌డీఎల్, అంటే మంచి కొలెస్ట్రాల్ అనేది. పైగా పిత్తంలో వదిలించుకుంటుంది. మామూలు విస్టార్ ఎలుకలో కొవ్వు మేతతో కాలేయం పసుపుపచ్చగా మారడం, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే మరో రకం కొవ్వు) పెరగడం చూడవచ్చు. ధమని పూడిక చూడాలంటే అది సరైన జంతువు కాదు. మీ థీసిస్‌లో ఆ తెల్లటి గోడ ఫోటో తప్పకుండా పెట్టండి.

ఈ సందర్భంలో అందరికీ ఒక మాట. మార్కెట్లో మూలికా పొడుల డబ్బాల మీద "జంతువులపై నిరూపితం" అని రాసి ఉంటుంది. అలాంటి పరీక్షలు చాలావరకు ఈ ఎలుకల మీదే, అదీ ట్రైటాన్ అనే రసాయనం ఒక్క ఇంజెక్షను ఇచ్చి, ఒకటి రెండు రోజుల్లో ఎగబాకిన కొవ్వును కొలిచి చేసేవి. అందులో తిండీ లేదు, బరువూ లేదు, ధమనీ లేదు. రక్తంలో ఒక అంకె తగ్గినంత మాత్రాన గుండె నాళం తెరుచుకుంటుందని రాసేవారిని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. ఆ డబ్బా కొనేది జబ్బుతో భయపడి ఉన్న మనిషి.

పశువైద్యురాలు (గన్నవరం)

మాస్టారుగారు చెప్పిన జాతి తేడాకు నా వైపు నుంచి కొన్ని కలుపుతాను.

కుక్కకు ఎంత కొవ్వు పెట్టినా ధమనులు సులువుగా పూడవు. 1946లో స్టైనర్, కెండల్ అనే ఇద్దరు కుక్కలకు కొలెస్ట్రాల్‌తో పాటు థైరాయిడ్‌ను అణిచే మందు కూడా ఇచ్చాకే పూడిక తెప్పించగలిగారు. మా దగ్గరికి వచ్చే లావు లాబ్రడార్లలో కీళ్ల నొప్పి, ఆయాసం, క్లోమం వాపు చూస్తాం. మనుషుల్లో మాదిరి గుండె బ్లాకు చాలా అరుదు. యజమానులు మాత్రం "మా వాడికి స్టెంటు పడుతుందా డాక్టరుగారూ" అని భయపడుతూ అడుగుతారు.

పావురాల ఉదాహరణ నాకు అన్నిటికన్నా ఇష్టం. వైట్ కార్నో అనే జాతి పావురం గింజలు తింటూనే, కొలెస్ట్రాల్ ఏమీ పెట్టకుండానే, వయసు మీద పడేసరికి బృహద్ధమనిలో పూడికలు తెచ్చుకుంటుంది. షో రేసర్ అనే మరో జాతి అదే గింజలు తింటుంది, రక్తంలో కొలెస్ట్రాల్ కూడా దాదాపు అంతే. దాని ధమని బాగానే ఉంటుంది. అంటే రక్తంలోని అంకెతో పాటు ధమని గోడ స్వభావం కూడా ఒకటుంది, అది పుట్టుకతో వస్తుంది.

మనిషికి దగ్గరగా వచ్చేది పంది. గుండె పరిమాణం, నాళాల అమరిక, పూడిక లేచే చోట్లు, అన్నీ మనలాగే. కానీ పందిని పెంచడానికి చోటు కావాలి, మేతకు డబ్బు కావాలి, చాలాకాలం ఆగాలి. చిట్టెలుకలే ఎక్కువగా వాడటానికి ఇదొక కారణం.

నూనె గానుగ (గుంటూరు)

మాస్టారూ, ఒక సంగతి అడగాలని ఎప్పటి నుంచో ఉంది. మాది తాతల కాలం నుంచి వేరుశనగ నూనె వ్యాపారం. ఒక కొనుగోలుదారుడు వచ్చి "వేరుశనగ నూనెతో కుందేళ్లకు, కోతులకు నాళాలు మూసుకుపోయాయట, విదేశాల్లో తేల్చారు" అని చెప్పి రిఫైండ్ డబ్బా వైపు వెళ్లిపోయాడు. ఇది నిజమా? మా నాన్నగారు ఎనభై దాటేదాకా ఈ నూనె ముద్దపప్పులో పోసుకుని తిన్నారు. నిజమైతే నిజమని చెప్పండి, నేను నొచ్చుకోను.

మందుల మాస్టారు (గుంటూరు)

నిజమే, అయితే మొత్తం చెబితేనే నిజం. అమెరికాలో డేవిడ్ క్రిచెవ్‌స్కీ అనే శాస్త్రవేత్త కుందేళ్ల తిండి మీద దశాబ్దాలు పనిచేశాడు. 1970ల మొదట్లో ఆయన బృందం కొలెస్ట్రాల్‌ను రకరకాల నూనెల్లో కలిపి కుందేళ్లకు పెట్టింది. వేరుశనగ నూనెలో సంతృప్త కొవ్వు తక్కువే కాబట్టి పూడిక తక్కువ రావాలి. అనుకున్న దానికన్నా ఎక్కువ వచ్చింది. కోతుల్లోనూ వేరే బృందానికి అలాంటి ఫలితమే కనిపించింది. అప్పుడు క్రిచెవ్‌స్కీ బృందం ఒక తెలివైన పని చేసింది. ఆ నూనెలో ఉన్న కొవ్వు ఆమ్లాలు ఒక్కటీ మార్చకుండా, కొవ్వు అణువుకు వెన్నెముక లాంటి గ్లిజరాల్ మీద అవి కూర్చున్న స్థానాలను మాత్రం రసాయన పద్ధతిలో తారుమారు చేశారు. పూడిక తగ్గింది! కొవ్వులో ఏముంది అన్నదే కాదు, అది ఏ అమరికలో ఉంది అన్నది కూడా లెక్కే అని తేలింది.

అయితే ఆ కుందేళ్లు తిన్నది నూనెతో పాటు శుద్ధ కొలెస్ట్రాల్. మీ నాన్నగారి ముద్దపప్పులో అది లేదు. మనుషుల మీద జరిగిన ఆహార పరీక్షల్లో నెయ్యి, వనస్పతి లాంటి సంతృప్త కొవ్వుల బదులు వేరుశనగలు, వాటి నూనె వాడితే ఎల్‌డీఎల్ తగ్గుతుందనే కనిపించింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఒకే నూనెకు కట్టుబడకుండా మార్చి మార్చి వాడమని చెబుతుంది, మోతాదు మించవద్దని చెబుతుంది. మీ దుకాణంలో నువ్వుల నూనె పక్కనే ఉంటుంది కాబట్టి అందులో మీకు నష్టమేమీ లేదు.

నూనె గానుగ (గుంటూరు)

సగం మాటతో ఒక కొనుగోలుదారుణ్ణి పోగొట్టుకున్నాను. మిగతా సగం చెప్పినందుకు కృతజ్ఞతలు.

పటమట శ్రీను

మాస్టారుగారూ, బరువు సంగతి రాస్తానన్నారు. మా బంధువులంతా ఫోను పట్టుకుని కూర్చున్నారు.

మందుల మాస్టారు (గుంటూరు)

రాస్తున్నాను. బరువునూ తిండినీ విడదీసి చూపించింది ఎక్కువగా చిట్టెలుకలే.

ప్రయోగశాలల్లో అందరూ వాడే నల్ల చిట్టెలుక జాతి ఒకటుంది, సి57బీఎల్/6 అంటారు. మేతలో 60 శాతం కేలరీలు కొవ్వు నుంచే వచ్చేలా పంది కొవ్వు కలిపి పెడితే కొద్ది నెలల్లో అది బంతిలా తయారవుతుంది. చక్కెర అదుపు తప్పుతుంది, ఇన్సులిన్ పెరుగుతుంది. ధమని కోసి చూస్తే పూడిక ఉండదు. అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో 1949లో బయటపడిన ఓబీ చిట్టెలుకలు ఇంకా విచిత్రం. వాటికి లెప్టిన్ అనే హార్మోను లేదు కాబట్టి ఆకలి తీరదు, మామూలు చిట్టెలుకకు రెండింతలు దాటి పెరుగుతాయి. ఆ హార్మోనును 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టింది. అంత లావు ఉండి కూడా వాటి ధమనులు పూడవు, ఎందుకంటే వాటి రక్తంలో పెరిగేది ఎక్కువగా హెచ్‌డీఎల్. శ్రీనుగారి బంధువులు ఇక్కడిదాకా చదివి ఆగిపోకూడదని నా మనవి.

1992లో, రక్తంలోంచి కొవ్వును తొలగించడానికి సాయపడే ఏపోఈ అనే ప్రోటీన్ లేని చిట్టెలుకలను, 1993లో ఎల్‌డీఎల్ గ్రాహకం లేని చిట్టెలుకలను తయారు చేశారు. మొదటి రకం మామూలు మేత తిన్నా పూడికలు తెచ్చుకుంటుంది. రెండో రకం చాలా పాఠం చెబుతుంది. మామూలు మేత మీద ఉంటే దాని కొలెస్ట్రాల్ కొంచెమే ఎక్కువ, పూడిక దాదాపు కనిపించదు. బరువులో 21 శాతం పాలకొవ్వు, కొద్దిగా కొలెస్ట్రాల్ కలిపిన మేతకు మార్చితే కొన్ని వారాల్లోనే ధమని మూలం దగ్గర మచ్చలు లేస్తాయి. జన్యువు అదే, వయసు అదే, గది అదే, మారింది మేత ఒక్కటే.

ఇప్పుడు ఓబీ లోపాన్నీ గ్రాహకం లేని లోపాన్నీ ఒకే చిట్టెలుకలో కలిపి చూశారు. మామూలు మేత మీదే కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు రెండూ ఆకాశానికి ఎక్కాయి, పూడికలు విపరీతంగా వచ్చాయి. ఒంటరిగా హాని చేయని లావు, కొవ్వును వదిలించుకోలేని ఒంట్లో పడేసరికి ఇంత పని చేసింది. మనుషుల్లో చాలామంది ఈ రెండో స్థితికే దగ్గర, ఎందుకంటే మన కొలెస్ట్రాల్‌ను మోసేది ఎక్కువగా ఎల్‌డీఎల్.

కొవ్వు ఎక్కడ ఉంది అన్నది మరో సంగతి. 2008లో ఒక బృందం కడుపు లోపలి కొవ్వు ముక్కను ఒక చిట్టెలుక నుంచి తీసి ఏపోఈ లేని చిట్టెలుకకు అతికించింది. పూడిక పెరిగింది. చర్మం కింది కొవ్వును అతికిస్తే పెరగలేదు. బరువు తూకం రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే. కడుపు కొవ్వులో చేరిన తెల్ల కణాలు వాపును రేపే పదార్థాలను రక్తంలోకి వదులుతాయి.

తిండి తగ్గిస్తే? ఏపోఈ లేని చిట్టెలుకలకు అదే మేతను, అవి ఇష్టంగా తినేదానిలో 60 శాతం మాత్రమే పెట్టి చూశారు. పూడిక మచ్చలు చిన్నవయ్యాయి. మేత రకం మారలేదు, పరిమాణమే తగ్గింది.

లక్ష్మీపురం ఎం.ఫార్మసీ

సర్, ఇక్కడే నాకు ఎప్పుడూ అనుమానం. మేతలో మూలిక పొడి కలిపి పెట్టినప్పుడు చేదుకు ఎలుకలు తినడమే తగ్గిస్తాయి. గిన్నెలో మేత మిగిలిపోతుంది, కింద తవుడులా రాలి ఉంటుంది. బరువు తగ్గుతుంది, కొలెస్ట్రాల్ తగ్గుతుంది. చివరికి మూలిక పనిచేసిందని రాస్తారు. తిండి తగ్గడం వల్ల తగ్గిందేమో ఎలా తెలుస్తుంది?

మందుల మాస్టారు (గుంటూరు)

ఈ ప్రశ్న వేసినందుకు నీకు పూర్తి మార్కులు తల్లీ. దానికి జతమేత పద్ధతి ఉంది. మూలిక తిన్న గుంపు ఈరోజు ఎంత తిన్నదో తూచి, మరో గుంపుకు మూలిక లేని మేతను రేపు సరిగ్గా అంతే పెట్టాలి. ఆ రెండు గుంపుల మధ్య మిగిలిన తేడాయే మూలికది. ఆ గుంపు లేని పరిశోధన పత్రం చదివితే నేను బరువు గురించిన వాక్యాలన్నీ పక్కన పెట్టేస్తాను.

కృష్ణలంక వాసి

ఒక విషయం ఒప్పుకోవాలి, ఈ చర్చ ఇంత లోతుకు వెళుతుందనుకోలేదు. నా బాధ మాత్రం అలాగే ఉంది. గదుల్లో, పంజరాల్లో బిక్కుబిక్కుమంటూ ఉండే జంతువు ఒంట్లో భయం కూడా పనిచేస్తుంది కదా? దాన్ని ఎవరైనా లెక్కలోకి తీసుకున్నారా?

పశువైద్యురాలు (గన్నవరం)

తీసుకున్నారండీ. 1980లో అమెరికాలో రాబర్ట్ నెరెమ్ బృందం ప్రచురించింది. అన్ని కుందేళ్లకూ ఒకే కొలెస్ట్రాల్ మేత. ఒక గుంపును మాత్రం రోజూ చేతిలోకి తీసుకుని నిమిరారు, మాట్లాడారు, ఆడించారు. చివరికి రెండు గుంపుల రక్తంలో కొలెస్ట్రాల్ ఒకేలా ఉంది, బృహద్ధమనిలో రంగు పట్టిన మచ్చల విస్తీర్ణం మాత్రం నిమిరిన కుందేళ్లలో 60 శాతం తక్కువ. మీరు అడిగిన భయం ధమని దాకా చేరుతుందని అక్కడ కళ్లకు కనిపించింది.

గది వేడి సంగతి కూడా చెప్పాలి. ప్రయోగశాలలను సాధారణంగా 22 డిగ్రీల దగ్గర ఉంచుతారు, అక్కడ పనిచేసే మనుషులకు అది హాయి. చిట్టెలుకకు హాయి 30 డిగ్రీల దగ్గర. చల్లగా ఉంటే ఒంటిని వేడిగా ఉంచుకోవడానికే అది తిన్నదాంట్లో చాలా భాగం ఖర్చు చేస్తుంది. అందుకే ఎంత తిన్నది, ఎంత బరువు పెరిగింది అన్న లెక్కను గది ఉష్ణోగ్రత లేకుండా చదవకూడదు. విజయవాడ మే నెలలో ఏసీ ఆగిన గదిలోని ఎలుకకూ జనవరిలోని ఎలుకకూ తిండి లెక్క ఒకటి కాదు.

సూర్యారావుపేట డాక్టర్

ఆలస్యంగా చూశాను. మనుషుల వైపు నుంచి కొన్ని మాటలు.

శ్రీనుగారూ, మీ బావగారి అన్నయ్య నాళాలు శుభ్రం అన్నది యాంజియోగ్రామ్ మాట. ఆ పరీక్ష నాళం లోపలి దారినే చూపిస్తుంది, గోడను చూపించదు. 1987లో గ్లాగోవ్ అనే వైద్యుడు చనిపోయినవారి గుండె నాళాలను కోసి కొలిచి చూపించాడు. పూడిక పెరుగుతుంటే నాళం మొదట బయటికి ఉబ్బి చోటు ఇస్తుంది, దాదాపు 40 శాతం దాకా లోపలి దారి ఇరుకు కాదు. కాబట్టి నూరు కిలోల ఆయన్ను పరీక్షలు మానమని దయచేసి ఎవరూ చెప్పకండి. బీపీ, షుగర్, ఎల్‌డీఎల్ చూపించుకోవాలి. మనవాళ్లలో మగవారికి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే కడుపు కొవ్వు ఎక్కువ కిందే లెక్క. మాస్టారుగారు చెప్పిన చిట్టెలుక కడుపు కొవ్వుకూ ఈ టేపు కొలతకూ సంబంధం ఉంది.

సన్నగా ఉండి చిన్న వయసులో బ్లాకు వచ్చినవారిలో మేము వెతికేవి వేరు: పుట్టుకతో వచ్చే అధిక కొలెస్ట్రాల్, లైపోప్రోటీన్ ఏ (ఎల్‌డీఎల్ లాంటిదే, వంశంలోంచి వచ్చే మరో కణం), షుగర్, పొగాకు. మొదటి రెండూ తోడబుట్టినవారికీ పిల్లలకూ ఉండవచ్చు. వతనబే కుందేళ్లలాగే వీళ్లకు సన్నదనం రక్షణ కాదు. మీ బావగారి పిల్లలకు ఇప్పుడే రక్తపరీక్ష చేయించండి, పెద్దయ్యాక చూద్దాం అనుకోకండి.

జంతువుల్లో పనిచేయకపోతే మనిషికీ పనిచేయదని అనుకుంటే ఏమవుతుందో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల కథ చెబుతుంది. జపాన్‌లో అకిరా ఎండో వేల రకాల బూజులను పరీక్షించి, బియ్యం మీద పెరిగిన ఒక బూజు నుంచి 1973లో కాంపాక్టిన్ అనే మొదటి స్టాటిన్‌ను తీశాడు. ఎలుకలకు ఇస్తే కొలెస్ట్రాల్ తగ్గలేదు. అక్కడితో ఆ మందు మూలన పడేదే. గుడ్లు పెట్టే కోళ్లకు ఇచ్చి చూస్తే కొలెస్ట్రాల్ దాదాపు సగానికి పడిపోయింది. తర్వాత కుక్కల్లోనూ పనిచేసింది. ఈరోజు నా దగ్గరికి వచ్చే సగం మంది చీటీలో ఉన్న మాత్రలు ఆ కోళ్ల దారిలోనే వచ్చాయి.

ఇంకొకటి నా రోగులకు తరచూ చెబుతాను. 1970లో ఆర్మ్‌స్ట్రాంగ్, వార్నర్, కానర్ అనేవారు రీసస్ కోతులకు 17 నెలలు గుడ్డు పచ్చసొన ఎక్కువగా ఉన్న తిండి పెట్టి గుండె నాళాలు ఇరుకయ్యేలా చేశారు. తర్వాత కొన్నింటిని కొలెస్ట్రాల్ లేని తిండి మీద 40 నెలలు ఉంచారు. పూడిక తగ్గి, నాళాల దారి మళ్లీ వెడల్పయింది. వచ్చిన పూడిక తగ్గదనుకునే కాలంలో అది పెద్ద వార్త. 1981లో క్రామ్ష్ బృందం కోతులను ట్రెడ్‌మిల్ మీద నడిపించింది. కొవ్వు మేత తింటున్నా వ్యాయామం చేసిన కోతుల గుండె నాళాలు కూర్చున్నవాటికన్నా వెడల్పుగా, పూడిక తక్కువగా ఉన్నాయి. మొత్తం కొలెస్ట్రాల్ మాత్రం రెండింటిలో దాదాపు సమానం.

పటమట శ్రీను

డాక్టరుగారూ, ఇది చదివి మా అక్క పిల్లలిద్దరికీ రేపే రక్తపరీక్ష అంటోంది. పెద్దాయన్ను ఒప్పించే బాధ్యత నేను తీసుకున్నాను.

లక్ష్మీపురం ఎం.ఫార్మసీ

మాకు తర్వాతి దశలో కుందేళ్లతో చేయడానికి అనుమతి అడుగుతున్నారు. ఇక్కడ చదివినదాన్ని బట్టి జతమేత గుంపు ఒకటి తప్పకుండా పెట్టమని మా గైడ్‌గారిని అడుగుతాను. మేడమ్, కుందేలు బృహద్ధమనిలో మొదట ఎక్కడ చూడాలి?

పశువైద్యురాలు (గన్నవరం)

గుండె నుంచి బయటికి వచ్చి వంపు తిరిగే చోట, ఆ తర్వాత కొమ్మలు చీలే మొదళ్ల దగ్గర చూడండి. రక్తప్రవాహం సుడులు తిరిగే చోట్లలోనే మచ్చలు ముందు లేస్తాయి. తిన్నగా పోయే భాగం చాలాకాలం తెల్లగానే ఉంటుంది, దాన్ని చూసి పూడిక లేదనుకోకండి. అన్ని గుంపులనూ ఒకే మనిషి, ఒకేలా పట్టుకోవాలి. ఒక గుంపును ముద్దు చేసి ఇంకో గుంపును వదిలేస్తే నెరెమ్ కుందేళ్ల తేడా మీ ఫలితాల్లోకి వచ్చేస్తుంది. అన్నిటినీ నిమరండి. పొద్దున మేత తూచేటప్పుడు గిన్నెలో మిగిలినదానితో పాటు పంజరం కింద రాలిన పొడి బరువు కూడా రాసి పెట్టుకోండి.